తెలుగును కాపాడే మాట రాజ్యాంగంలో ఎక్కడుంది?

2021 జులై చివర్లో సుప్రీంకోర్టు ముందుకు ఒక భార్యాభర్తల తగాదా వచ్చింది. ఇరవై ఏళ్లుగా నలుగుతున్న కేసు. ఆమెది ఆంధ్రప్రదేశ్. భర్తకు పడిన జైలుశిక్షను హైకోర్టు తగ్గించిందని, దాన్ని పెంచమని అడగడానికి వచ్చింది. న్యాయమూర్తులు ఆమెతోనే నేరుగా మాట్లాడారు. ఇంగ్లీషులో జవాబు చెప్పలేక ఆమె ఇబ్బంది పడుతుంటే, అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ తెలుగులోనే చెప్పమన్నారు. ఆమె చెప్పింది విని పక్కనున్న న్యాయమూర్తికి తానే ఇంగ్లీషులో వివరించారు. భర్త జైలుకెళ్తే ఉద్యోగం పోతుందని, ఉద్యోగం పోతే నెలనెలా వచ్చే భరణం కూడా ఆగిపోతుందని ఆమెకు తెలుగులో విడమరిచి చెప్పారు. కాసేపట్లో ఇద్దరూ రాజీకి వచ్చారు.

ఆ వార్త చదివి చాలామంది సంతోషించారు, నేనూ సంతోషించాను. కానీ ఆ తర్వాత ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ రోజు ఆ కుర్చీలో తెలుగు రానివాళ్లు ఉండి ఉంటే? ఆమె గోడు ఆమె మాటల్లో వినాలని వాళ్లను నిలదీసే హక్కు ఆమెకుందా? లేదు. రాజ్యాంగం 348వ ఆర్టికల్ ప్రకారం సుప్రీంకోర్టులో, హైకోర్టుల్లో కొద్ది మినహాయింపులు తప్ప వ్యవహారమంతా ఇంగ్లీషులోనే సాగాలి. ఆమెకు దక్కింది ఒక న్యాయమూర్తి మంచితనం.

‘మన భాషకు రాజ్యాంగ రక్షణ ఉంది’ అని సభల్లో తరచూ వింటుంటాం. ఆ రక్షణ ఏ పేజీలో, ఏ వాక్యంలో ఉందని అడిగితే మాత్రం ఎక్కువమంది రాజ్యాంగంలో భాషల పేర్ల జాబితా అయిన ఎనిమిదో షెడ్యూలు వైపు చెయ్యి చూపిస్తారు. చాలాకాలం నేనూ అదే అనుకున్నాను. రాజ్యాంగంలో భాషల గురించి ఉన్న 17వ భాగాన్ని కూర్చుని చదివాక తెలిసింది, మనం చూపించే చోట ఉన్నది చాలా తక్కువని. అసలు పట్టు వేరే చోట్ల, ముక్కలు ముక్కలుగా ఉంది.

ముందు ‘జాతీయ భాష’ సంగతి. భారత రాజ్యాంగంలో ఆ మాటే లేదు. 343వ ఆర్టికల్ దేవనాగరి లిపిలో హిందీని కేంద్ర ప్రభుత్వ ‘అధికార భాష’ అంది, అంతే. అధికార భాష అంటే కేంద్రం తన పని తాను చేసుకునే భాష. దేశమంతా మాట్లాడాల్సిన భాష కాదు. 2010లో గుజరాత్ హైకోర్టు ముందుకు ఈ విషయమే వచ్చింది. ప్యాకెట్ల మీద ధర, తయారీ తేదీ హిందీలో తప్పనిసరిగా ఉండాలని ఒకాయన పిటిషన్ వేశారు, హిందీ జాతీయ భాష కాబట్టి. అలా ప్రకటించినట్టు ఎక్కడా రికార్డు లేదని కోర్టు చెప్పింది.

ఆ మాట రాజ్యాంగంలోకి రాకపోవడం వెనక మూడు రోజుల పెనుగులాట ఉంది. 1949 సెప్టెంబరు 12 నుంచి 14 వరకు రాజ్యాంగ సభ భాష మీద వాదించుకుంది. హిందీ ఒక్కటే ఉండాలని, అదీ వెంటనే కావాలని ఒక పక్క. మా పిల్లల ఉద్యోగాలు ఏం కావాలని దక్షిణాది సభ్యులు ఇంకో పక్క. అంకెలు దేవనాగరివి వాడాలా, ఇప్పుడు మనం రాసే 1, 2, 3 వాడాలా అన్నదాని మీద కూడా ఎంతో సేపు కొట్లాడుకున్నారు. మన దుర్గాబాయి ఆ సభలో ఉన్నారు. చిన్న వయసులోనే రాజమండ్రిలో ఆడపిల్లలకు హిందీ బడి నడిపిన మనిషి ఆమె. ఒకప్పుడు మేము అంత ఉత్సాహంగా హిందీ నేర్చుకున్నాం కదా, ఇప్పుడు హిందీ మద్దతుదారులే ఆ ఉత్సాహాన్ని చంపేస్తున్నారే అని ఆమె బాధపడుతూ మాట్లాడారు. హిందీని ప్రేమించిన తెలుగు మహిళ నోట వచ్చిన మాట కాబట్టి దానికి బరువు ఎక్కువ.

చివరికి సభ్యులు కె.ఎం. మున్షీ, గోపాలస్వామి అయ్యంగార్ కలిసి కుదిర్చిన రాజీకి సభ ఒప్పుకుంది. కేంద్రానికి హిందీ అధికార భాష, 15 ఏళ్ల దాకా ఇంగ్లీషు కూడా సాగుతుంది, ఆ తర్వాత కూడా ఇంగ్లీషు కావాలంటే పార్లమెంటు చట్టం చేసుకోవచ్చు. అంటే గొడవను తేల్చలేదు, 1965 జనవరి 26కు వాయిదా వేశారు.

అసలు తాళం ఒక మామూలు చట్టంలో ఉంది

గడువు దగ్గర పడేకొద్దీ హిందీ రాని రాష్ట్రాల్లో టెన్షన్ పెరిగింది. హిందీ మాట్లాడని ప్రజలు కోరినంతకాలం ఇంగ్లీషు ఉంటుందని నెహ్రూ 1959లో లోక్‌సభలో మాట ఇచ్చారు. 1963లో అధికార భాషల చట్టం వచ్చింది. అందులో ఇంగ్లీషు వాడుక కొనసాగ‘వచ్చు’ అని రాశారు. కొనసాగ‘వచ్చు’ అంటే కొనసాగకపోనూ వచ్చు కదా అని మద్రాసు రాష్ట్రం అడిగింది. ఒక్క క్రియాపదం చివర కోట్ల మంది భవిష్యత్తు వేలాడింది. 1965 జనవరిలో మద్రాసు రాష్ట్రం భగ్గుమంది. విద్యార్థులు రోడ్ల మీదికొచ్చారు, కాల్పులు జరిగాయి, కొందరు ఒంటికి నిప్పంటించుకుని చనిపోయారు.

దాని ఫలితమే 1967 సవరణ. ఆ చట్టంలోని 3వ సెక్షన్‌కు 5వ ఉపసెక్షన్ చేర్చారు. హిందీని అధికార భాషగా తీసుకోని ప్రతి రాష్ట్రం శాసనసభా ఇంగ్లీషు ఆపేయమని తీర్మానం చెయ్యాలి. ఒక్కటి తక్కువైనా కుదరదు. ఆ తర్వాత పార్లమెంటు రెండు సభలూ కూడా తీర్మానం చెయ్యాలి. అప్పటివరకు కేంద్రంలో ఇంగ్లీషు ఉంటుంది. అంటే మన రెండు రాష్ట్రాల శాసనసభల చేతుల్లోనూ చెరొక తాళంచెవి ఉంది. ఇంగ్లీషును తీసెయ్యొద్దని తెలంగాణ ఒక్కటి అన్నా ఆ పని ఆగుతుంది, ఆంధ్రప్రదేశ్ ఒక్కటి అన్నా ఆగుతుంది. ఈ సంగతి మన చట్టసభల్లో ఎంతమందికి గుర్తుందో అనిపిస్తుంటుంది నాకు.

కానీ ఈ తాళం బిగించింది రాజ్యాంగానికి కాదు, ఒక మామూలు చట్టానికి. మామూలు చట్టాన్ని పార్లమెంటు మామూలు మెజారిటీతో మార్చేయగలదు. రాజ్యాంగంలోని 17వ భాగాన్ని మార్చాలంటే మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. అది కూడా పార్లమెంటులోనే. సుప్రీంకోర్టు, హైకోర్టుల ఏర్పాటు, కేంద్ర రాష్ట్రాల అధికారాల పంపకం వంటివి మార్చాలంటే సగం రాష్ట్రాల ఆమోదం కావాలని 368వ ఆర్టికల్ చెబుతుంది. ఆ జాబితాలో భాషల భాగం లేదు. రాష్ట్రాలను అడగకుండానే దేశం భాషా నియమాలు మార్చుకోవచ్చన్నమాట. కెనడాలో ఇలా కాదు. అక్కడ దేశమంతటికీ వర్తించే ఇంగ్లీషు, ఫ్రెంచి నియమాలు కదపాలంటే పార్లమెంటుతో పాటు అన్ని ప్రావిన్సులూ ఒప్పుకోవాలి. సమాఖ్యలో భాషకు గట్టి రక్షణ అంటే అలా ఉంటుంది. మనది నాయకుల మాట మీద, ప్రజల అప్రమత్తత మీద నిలబడిన రక్షణ.

జాబితాలో పేరుంటే ఏమొస్తుంది?

జేబులో పది రూపాయల నోటుంటే తీసి వెనక్కి తిప్పండి. ఎడమ పక్కన నిలువు గళ్లలో 15 భాషలు వరసగా ఉంటాయి. ఇంగ్లీషు అక్షరక్రమంలో అస్సామీతో మొదలై ఉర్దూతో ముగుస్తాయి. కింద నుంచి రెండోది మనది. ముందువైపు హిందీ, ఇంగ్లీషు. ఎనిమిదో షెడ్యూలు అనగానే మనకు గుర్తొచ్చేది దాదాపు ఈ నోటే.

రాజ్యాంగం రాసినప్పుడు ఆ షెడ్యూలులో 14 భాషలున్నాయి, తెలుగు మొదటి నుంచీ ఉంది. 1967లో సింధీ చేరింది. 1992లో కొంకణి, మణిపురి, నేపాలీ చేరాయి. 2003 సవరణతో బోడో, డోగ్రీ, మైథిలీ, సంతాలీ వచ్చాయి. మొత్తం 22. ఈ జాబితా దేనికో రాజ్యాంగం రెండే చోట్ల చెప్పింది. 344వ ఆర్టికల్ కింద భాషా కమిషన్ వేసినప్పుడు ఈ భాషల ప్రతినిధులు అందులో ఉండాలి. 351వ ఆర్టికల్ కింద హిందీని పెంచేటప్పుడు ఈ భాషల్లోని రూపాలను, శైలిని, నుడికారాన్ని హిందీ కలుపుకోవాలి. మళ్లీ చదవండి. రెండో పని తెలుగును పెంచడం కాదు, తెలుగు నుంచి హిందీ తీసుకోవడం. తెలుగును కేంద్రం పోషించాలన్న మాట ఈ షెడ్యూలు పక్కన ఎక్కడా లేదు.

మిగతావన్నీ తర్వాత ప్రభుత్వాలు, సంస్థలు ఈ జాబితాను కొలబద్దగా పెట్టుకుని ఇచ్చినవి. సివిల్ సర్వీసెస్ మెయిన్స్ తెలుగులో రాయొచ్చు. ప్రిలిమ్స్ మాత్రం హిందీ, ఇంగ్లీషుల్లోనే ఉంటుంది. రాజ్యసభలో 22 భాషల్లో దేనిలో మాట్లాడినా అనువదించే ఏర్పాటు 2018లో, వెంకయ్యనాయుడు ఛైర్మన్‌గా ఉన్నప్పుడు వచ్చింది. 2024 నుంచి కేంద్ర సాయుధ బలగాల కానిస్టేబుల్ పరీక్ష తెలుగులోనూ పెడుతున్నారు. ఇది ఎన్ని వేల మంది పల్లెటూరి పిల్లలకు తలుపు తెరిచిందో ఊహించుకోవచ్చు. ఇవన్నీ మంచివే. కానీ ఒక ఉత్తర్వుతో వచ్చినవి ఇంకో ఉత్తర్వుతో పోవచ్చు. 2008లో తెలుగుకు దక్కిన ప్రాచీన భాష హోదా కూడా ఇలాంటిదే. అది కేంద్రం ఇచ్చిన గుర్తింపు, రాజ్యాంగంలో దానికి చోటు లేదు.

షెడ్యూలు బలమెంతో 2020లో బయటపడింది. కొత్త ఫ్యాక్టరీ, గని, ఆనకట్ట రావాలంటే పర్యావరణం మీద దాని ప్రభావం అంచనా వేసి ప్రజల మాట వినాలి. ఆ నియమాలు మార్చడానికి కేంద్ర పర్యావరణ శాఖ ఒక ముసాయిదా తెచ్చి, ప్రజలు అభ్యంతరాలు చెప్పమంది. ముసాయిదా ఏ భాషల్లో ఉంది? హిందీ, ఇంగ్లీషుల్లో. ఊరి పక్కన గని వస్తుందంటే అభ్యంతరం చెప్పాల్సిన రైతుకు ఆ రెండూ రాకపోతే? ఢిల్లీ హైకోర్టు జూన్ 30న దీన్ని 22 భాషల్లోకీ అనువదించి పెట్టమని ఆదేశించింది. చట్టప్రకారం హిందీ, ఇంగ్లీషుల్లో ఇస్తే చాలని కేంద్రం సుప్రీంకోర్టుకు వెళ్లింది. చట్టం అక్షరం చూస్తే కేంద్రం మాటలో తప్పు లేదు కూడా. నాకు భయం వేసేది అక్కడే. ప్రజల అభిప్రాయం అడిగే ముసాయిదా ప్రజల భాషలో ఉండాలని అధికార భాషల చట్టంలో రాసి లేదు.

రాసిన చోట మాత్రం పని జరుగుతోంది. పురుగుమందు డబ్బాతో పాటు మడతపెట్టిన కాగితం ఒకటి వస్తుంది. అది హిందీ, ఇంగ్లీషులతో పాటు ఆ ప్రాంతపు భాషలో కూడా ఉండాలని 1971 నాటి పురుగుమందుల నియమాల్లో ఉంది. అందుకే ఆ కాగితంలో, చీమ తలకాయలంత అక్షరాల్లోనైనా, తెలుగు ఉంటుంది. పిల్లలు తినే బిస్కెట్ ప్యాకెట్ మీద అందులో ఏమేం కలిపారో హిందీలోనో ఇంగ్లీషులోనో ఉంటే చాలు. తెలుగు అక్కర్లేదు. షెడ్యూలు రెండింటికీ ఒకటే, తేడా కింద ఉన్న నియమంలో ఉంది.

ఇక జాబితా బయట ఉన్నవాళ్ల సంగతి. 2011 జనాభా లెక్కల్లో గోండీ మాట్లాడేవాళ్లు దాదాపు 30 లక్షలు. బోడో మాట్లాడేవాళ్లు సుమారు 15 లక్షలు. సంస్కృతం మాతృభాషగా రాయించుకున్నవాళ్లు 25 వేల లోపు. బోడో, సంస్కృతం జాబితాలో ఉన్నాయి, గోండీ లేదు. ఎందుకు లేదంటే గోండులు తెలంగాణ, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్‌లకు చెదిరిపోయారు. ఏ ఒక్క రాష్ట్రంలోనూ వాళ్లది పెద్ద గొంతు కాదు. జాబితాలో చేరడానికి ఇంతమంది ఉండాలి, ఇంత సాహిత్యం ఉండాలి అనే కొలత ఏదీ ఖాయం కాలేదు. 38 భాషల అర్జీలు కేంద్రం దగ్గర ఏళ్లుగా పెండింగ్‌లో ఉన్నాయి. గోండీకి లిపి లేదా అంటే ఉంది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల లిపికి 2018లో యూనికోడ్‌లో కూడా చోటు దొరికింది. ఫోనులోకి రాగలిగింది గానీ షెడ్యూలులోకి రాలేకపోయింది.

లంబాడీల సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. తండాలో ఎన్యూమరేటర్ వచ్చి మాతృభాష అడిగితే వాళ్లు లంబాడీ అనే చెబుతారు. 2011లో అలా చెప్పినవాళ్లు దేశం మొత్తం మీద 32 లక్షలకు పైన. కానీ లెక్కల పుస్తకంలో భాషల పట్టిక తీస్తే లంబాడీ విడిగా కనపడదు. హిందీ అనే పెద్ద పద్దు కింద ఒక ఉపపద్దుగా కలిపేశారు. మన దగ్గర తండాలో ఇంట్లో లంబాడీ, బయట తెలుగు మాట్లాడుకునే ముసలమ్మ, తనకు ఒక్క ముక్క రాని హిందీ లెక్కలో చేరిపోయింది. హిందీ మాట్లాడేవాళ్లు 52 కోట్లకు పైగా అని చెప్పే అంకెలో ఆమె కూడా ఉంది. తెలుగు మీద ఇంకో భాష పెత్తనం వద్దనే మనం, మన పక్క తండా గురించి కూడా అదే గొంతుతో అడగాలి.

రాష్ట్రం చేతిలో ఉన్నదే ఎక్కువ

బహుభాషల దేశాలు ఈ చిక్కును రెండు విధాలుగా విప్పుకున్నాయి. ఒకటి నేలకు భాషను ముడివేయడం. స్విట్జర్లాండ్‌లో మన రాష్ట్రాల్లాంటి కాంటన్లు తమ అధికార భాషను తామే ఎంచుకుంటాయి. జెనీవాలో ఆఫీసుకెళ్తే ఫ్రెంచి, జూరిక్‌లో జర్మన్. రెండోది మనిషికి ముడివేయడం. కెనడాలో కేంద్ర ప్రభుత్వ ప్రధాన కార్యాలయానికి ఏ పౌరుడు వెళ్లినా ఇంగ్లీషులోనో ఫ్రెంచిలోనో సేవ అడిగే హక్కు ఉంటుంది. మనం రెండూ కొంచెం కొంచెం తీసుకున్నాం.

నేల వైపు మన పట్టు గట్టిది, దాన్ని మనకు తెచ్చిపెట్టింది ఒక మనిషి ప్రాణం. భాష ప్రాతిపదికన రాష్ట్రాలు ఇప్పుడు వద్దని 1948లో ధర్ కమిషన్ చెప్పింది. నెహ్రూ, పటేల్, పట్టాభి సీతారామయ్యల కమిటీ కూడా వెనకాడింది. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు మద్రాసులో నిరాహార దీక్షకు కూర్చున్నారు. 58 రోజుల తర్వాత, డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. నాలుగు రోజులకు నెహ్రూ ప్రకటన చేశారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం, 1956లో భాషల వారీగా దేశపటమే మారిపోవడం వరసగా జరిగాయి. నా దృష్టిలో తెలుగుకు దొరికిన అతి పెద్ద రక్షణ ఇదే. ఏ షెడ్యూలూ ఇవ్వనిది, ఒక శాసనసభ, ఒక బడ్జెట్, ఒక పాఠ్యపుస్తకాల సంస్థ ఇచ్చాయి. 2014 నుంచి అలాంటివి రెండున్నాయి.

345వ ఆర్టికల్ ప్రకారం రాష్ట్రం తన అధికార భాషను తానే చట్టం చేసి ఎంచుకోవచ్చు. ఒకటి కంటే ఎక్కువైనా పెట్టుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్ 1966లో చట్టం చేసి తెలుగును పెట్టుకుంది. తెలంగాణకూ అదే వచ్చింది. 2017లో తెలంగాణ ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో అధికార భాష చేసింది. ఇక్కడ మనల్ని మనమే గట్టిగా అడగాల్సిన మాట ఒకటుంది. 1966 నుంచి చట్టం ఉంటే, సచివాలయం నుంచి వచ్చే జీవోలు దశాబ్దాల పాటు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఎందుకొచ్చాయి? తెలుగులో ఇవ్వొద్దని ఢిల్లీ ఎప్పుడూ చెప్పలేదు. జిల్లా కోర్టుల్లో, మున్సిఫ్ కోర్టుల్లో ఏ భాష వాడాలో నిర్ణయించే అధికారం కూడా సివిల్, క్రిమినల్ ప్రొసీజర్ చట్టాలు రాష్ట్ర ప్రభుత్వానికే ఇచ్చాయి. అయినా భూమి తగాదాలో ఓడిన రైతు, తాను ఎందుకు ఓడాడో ప్లీడరును అడిగి తెలుసుకోవాల్సి వస్తోంది. చేతిలో ఉన్న అధికారాన్ని వాడకుండా, లేని అధికారం గురించి ఎంత మాట్లాడినా తెలుగుకు ఒరిగేది లేదు.

హైకోర్టు దగ్గర మాత్రం నిజంగానే గోడ ఉంది. రాష్ట్రపతి అనుమతితో గవర్నరు హైకోర్టు వ్యవహారాల్లో రాష్ట్ర భాషను అనుమతించవచ్చని 348వ ఆర్టికల్‌లోనే ఉంది. రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, బిహార్ హైకోర్టులకు ఇలాగే హిందీ వచ్చింది. తమిళనాడు, గుజరాత్, పశ్చిమ బెంగాల్, కర్ణాటక, ఛత్తీస్‌గఢ్ అడిగితే 2012లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులంతా కూర్చుని వద్దన్నారు. చట్టాల విషయం ఇంకా విచిత్రం. శాసనసభ తెలుగులో చట్టం చేసినా, గవర్నరు ఆమోదంతో గెజిట్‌లో వేసిన ఇంగ్లీషు అనువాదాన్నే ప్రామాణిక ఇంగ్లీషు పాఠంగా కోర్టులు తీసుకోవాలి. అయినా తలుపు పూర్తిగా మూసుకోలేదు. 2023 జూన్ చివర్లో తెలంగాణ హైకోర్టు ధర్మాసనం ఒక ఆస్తి తగాదాలో తెలుగులో తీర్పు ఇచ్చింది. కక్షిదారు తన తీర్పును తానే చదువుకోగలిగే రోజు అసాధ్యం కాదని అది చూపించింది.

బడిలో ఎవరి మాట చెల్లుతుంది?

350-ఎ ఆర్టికల్ 1956లో వచ్చింది. భాషాపరంగా తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్ల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రం ప్రయత్నించాలి అంటుంది. ‘ప్రయత్నించాలి’ దగ్గర ఆగండి. కల్పించి తీరాలి అనలేదు.

అసలు ఏ మాధ్యమంలో చదవాలో ఎవరు చెప్పాలి? కర్ణాటక ప్రభుత్వం 1994లో నాలుగో తరగతి దాకా కన్నడమో మాతృభాషో తప్పనిసరి అంది. ప్రైవేటు బడులు కోర్టుకెళ్లాయి. 2014 మేలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. బిడ్డ మాతృభాష ఏదో తేల్చేది తల్లిదండ్రులే, మాధ్యమాన్ని ఎంచుకోవడం భావప్రకటన స్వేచ్ఛలో భాగమే, రాష్ట్రం బలవంతం చెయ్యకూడదు. అయిదేళ్లకు ఆంధ్రప్రదేశ్ సరిగ్గా ఎదురుదిక్కు నుంచి అదే గోడకు తగిలింది. 2019 నవంబరులో ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఆరో తరగతి దాకా ఇంగ్లీషు మీడియమే అని జీవో ఇచ్చింది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు కొట్టేసింది. ఎంపిక పిల్లలది, తల్లిదండ్రులది అంది. కన్నడాన్ని రుద్దడం ఎలా చెల్లదో ఇంగ్లీషును రుద్దడమూ అలాగే చెల్లదు.

ఈ సూత్రం న్యాయమైనదే. కానీ దానితోనే తెలుగు మాధ్యమం బతకదు. కూలికెళ్లే తల్లి బిడ్డను ఇంగ్లీషు మీడియంలో వేస్తే ఆమెను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఉద్యోగం ఎక్కడుందో ఆమెకు తెలుసు. తెలుగులో చదివినవాడికీ బతుకు దొరుకుతుందని ప్రభుత్వం చూపించనంతకాలం ఆమె ఎంపిక మారదు. 2018లో తెలంగాణ చేసిన చట్టం ఇంకో దారి పట్టింది. మాధ్యమం జోలికి పోకుండా, ఏ బోర్డు బడి అయినా పదో తరగతి దాకా తెలుగును ఒక సబ్జెక్టుగా చెప్పాలంది. పిల్లవాడు ఇంటి పేరైనా తెలుగులో రాయగలుగుతాడు.

ఇక్కడ మనం చేసిన చట్టం లాంటిదే పక్క రాష్ట్రంలో మన పిల్లల మీద పడింది. తమిళనాడు 2006లో తమిళం తప్పనిసరి చేసింది. ఒకటో తరగతి నుంచి ఏడాదికో తరగతి పెంచుకుంటూ 2015–16కు పదో తరగతికి చేరింది. హోసూరు, కృష్ణగిరి వైపు తెలుగు బడుల పిల్లలకు మొదటి భాషగా తెలుగు రాసే వీలు పోయింది. మినహాయింపు కోసం భాషా అల్పసంఖ్యాకులు కోర్టుల చుట్టూ తిరిగారు. 350-ఎ వాళ్ల పక్షాన ఉంది గానీ అందులో ఉన్నది ‘ప్రయత్నం’ మాత్రమే. తమిళులకు తమిళం మీద ప్రేమ ఎంత నిజమో హోసూరు పిల్లవాడి తెలుగూ అంత నిజం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో గోండీ, కోయ, కొలామీ, సవర, కువి వంటి ఎనిమిది భాషల్లో మొదటి తరగతుల పుస్తకాలు తెచ్చారు. అలాంటి పని ఒక ప్రభుత్వం ఇష్టపడితే సాగుతోంది, ఇంకొకటి పట్టించుకోకపోతే మూలపడుతోంది. ఇలాంటివి చూసుకోవడానికి 350-బి కింద భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్ ఉన్నారు. ఆయన విచారించి నివేదిక రాయగలరు, అమలు చేయించలేరు.

ఒక అర్జీ

ఇక మిగిలింది మనిషికి నేరుగా ఇచ్చిన హక్కు. 350వ ఆర్టికల్. ఎవరైనా తమ కష్టం చెప్పుకుంటూ కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఏ అధికారికైనా, ఆ దేశంలోనో ఆ రాష్ట్రంలోనో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ ఇవ్వొచ్చు. షెడ్యూలులో ఉండాలన్న షరతు కూడా లేదు. కోయలో రాసినా తీసుకోవాలి. 17వ భాగం మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన వాక్యం ఇది.

నాన్న పోయాక పెన్షన్ అమ్మ పేరు మీదికి మారలేదు. అమ్మ రూళ్ల కాగితం మీద, తన గుండ్రటి చేతిరాతతో, తెలుగులో అర్జీ రాసుకుంది. నాన్న ఎప్పుడు చేరారు, ఎప్పుడు రిటైరయ్యారు, పాస్‌బుక్ నంబరు, అన్నీ సరిగ్గా రాసింది. మేం వెళ్లింది కేంద్ర ప్రభుత్వ కార్యాలయం. కౌంటర్ దగ్గర కూర్చున్నాయన తెలుగాయనే. కాగితం చూసి, ‘ఇంగ్లీషులో రాసుకు రండమ్మా, పైన సార్లకు తెలుగు రాదు’ అన్నారు. కసురుకోలేదు, మర్యాదగానే చెప్పారు. నేను అక్కడే బల్ల మీద ఇంగ్లీషులో రాసిచ్చాను. అమ్మ తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. అప్పటికి నాకు 350 గురించి తెలియదు.

తెలిశాక, ఇంకో విషయానికి మళ్లీ వెళ్లాల్సి వచ్చింది. ఈసారి అమ్మ రాసిన తెలుగు అర్జీకి పైన ‘రాజ్యాంగం 350వ ఆర్టికల్ ప్రకారం’ అని ఒక వరస చేర్చాను. తీసుకోకపోతే ఆ మాటే రాసివ్వమని అడిగాను. లోపలికి వెళ్లి ఎవరితోనో మాట్లాడి వచ్చి తీసుకున్నారు. నకలు మీద సీలు కొట్టి సంతకం పెట్టారు.

350 అర్జీ ఇచ్చే హక్కు దగ్గరే ఆగిపోతుంది, జవాబు ఏ భాషలో రావాలో చెప్పదు. హిందీలో వచ్చిన ఉత్తరానికి కేంద్ర కార్యాలయాలు హిందీలోనే జవాబివ్వాలని 1976 నాటి అధికార భాషా నియమాల్లో ఉంది. ఇంగ్లీషులో రాసినవాళ్లకు ఇంగ్లీషులో జవాబు రావాలని, ఒక ఎంపీ వేసిన కేసులో 2021లో మద్రాసు హైకోర్టు చెప్పింది. తెలుగులో రాసినవాళ్లకు తెలుగులో రావాలని చెప్పే నియమం లేదు. చెయ్యాల్సిన మార్పు పెద్దది కూడా కాదు. రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, ఆ నియమాల్లో ఒక్క వాక్యం చేరిస్తే చాలు. మన ఎంపీలు అడగాల్సింది అలాంటి ఒక్క వాక్యం కోసం.

నెలన్నరకు జవాబు వచ్చింది. పని అయింది. ఉత్తరం రెండు పేజీలు, హిందీలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. అమ్మ కళ్లజోడు పెట్టుకుని కవరు మీద తన పేరు చూసుకుంది. లోపలి కాగితాలు అటూ ఇటూ తిప్పి నా చేతికిచ్చింది. ‘ఏమన్నారో చదివి చెప్పు నాన్నా’ అంది.